తొలి టెస్టు సారథి మన నాయుడు

ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుతూ పెరిగే మన అస్కా పిల్లలకు సి.కె.నాయుడు గురించి తప్పక చెప్పాలని మేం అనుకుంటాం. కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆయన చుట్టూ వినిపించినవి మరాఠీ, హిందీ. మన పిల్లల్లాగే ఆయనా తెలుగునేలకు బయట పెరిగినవారే.

ఆ రోజుల్లో క్రికెట్ పెత్తనం దొరలదీ, సంస్థానాధీశులదీ. బొంబాయి పోటీల్లో మతాలవారీగా జట్లు ఉండేవి. 1916లో హిందూ జట్టు తరఫున బరిలోకి దిగిన నాయుడు సిక్సర్‌తోనే పరుగుల ఖాతా తెరిచారు. 1923లో ఇందూరు హోల్కర్ మహారాజు కొలువులో చేరారు.

1926 డిసెంబరులో ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు బొంబాయి వచ్చింది. ఆట జరిగిన బాంబే జింఖానాలో అప్పటికి భారతీయులకు సభ్యత్వమే లేదు. అదే మైదానంలో నాయుడు రెండు గంటలలోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. మనవాళ్లు ఇంగ్లండుతో టెస్టులు ఆడగలరన్న నమ్మకం ఆ ఆటతో బలపడింది.

1932లో ఇంగ్లండు వెళ్లిన జట్టుకు పోర్‌బందర్ మహారాజు నాయకుడు, లింబ్డీ రాజకుమారుడు ఉపనాయకుడు. టెస్టు ముందు మహారాజు తానే తప్పుకున్నారు. ఉపనాయకుడు గాయపడ్డారు. అలా జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన మన తొలి టెస్టుకు, ఏ రాజవంశానికీ చెందని నాయుడు సారథి అయ్యారు. చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో 40 పరుగులతో మన జట్టులో అందరికన్నా మిన్నగా నిలిచారు. మ్యాచ్ ఓడిపోయినా ఆయన గౌరవం పెరిగింది.

పాత అలవాటు మాత్రం అంత తేలిగ్గా పోలేదు. మన గంజాం ఒడిశాలో చేరిన 1936లో, మళ్లీ ఇంగ్లండు వెళ్లిన జట్టు సారథ్యం విజయనగరం రాజకుమారుడికి దక్కింది. ఇద్దరూ తెలుగువారే, కానీ సంస్థానం బిరుదే నెగ్గింది. నాయుడు ఆయన సారథ్యంలోనే ఆడి, ఓవల్‌లో తన చివరి టెస్టులో 81 పరుగులు చేశారు. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూశారు.

మన బడి జట్టుకు నాయకుణ్ణి ఎంచేటప్పుడు ఎవరింటి బిడ్డ అని కాక, ఎలా ఆడుతున్నాడని చూద్దాం. తెలుగు బడి పిల్లలమని వెనక నిలబడేవారిని మనమే ముందుకు పిలుద్దాం.