మేఘసందేశం చదివిన జాషువా గబ్బిలాన్ని ఎందుకు పంపారు?

నేను నందికొట్కూరులో పెరిగాను. పదో తరగతి దాకా నా చేతికి పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం రాలేదు. గుర్రం జాషువా కూడా నాకు మొదట పరీక్షలో ప్రతిపదార్థం రాయాల్సిన పద్యంగానే పరిచయం. ఆయన మహాకవి అని చెప్పారు గానీ, అంటరానితనం రాజ్యమేలుతున్న రోజుల్లో ఒక మాదిగ తల్లి బిడ్డకు పుస్తకాలు ఎలా దొరికాయి, చదివిన వాటితో ఆయన ఏం చేశారు అన్నది ఎవరూ చెప్పలేదు. పరిశోధనలోకి వచ్చాకే నాకు ఆ ప్రశ్న తట్టింది. జాషువా జీవితాన్ని ఆ ప్రశ్న వైపు నుంచి చూస్తే మనకు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ మాదిగ. క్రైస్తవ కుటుంబం. బడిలో చేరిన రోజు నుంచే కులం ఆయన వెంటపడింది. తోటి పిల్లలు తిట్టారు, పాఠం చెప్పాల్సిన వాళ్లూ తిట్టారు. జాషువా పడి ఊరుకునే రకం కాదు, దీటుగా జవాబిచ్చేవారు. బొమ్మలు గీసేవారు, పాటలు పాడేవారు. కానీ ఆయన మనసు నిలిచింది పద్యం మీద.

ఆ పద్యం దగ్గరికి దారి చూపింది ఒక స్నేహం. దీపాల పిచ్చయ్యశాస్త్రి ఆయన బాల్యమిత్రుడు, తర్వాత తనూ కవి అయ్యారు. ఆ సావాసంలో జాషువాకు కవిత్వం అంటుకుంది. తర్వాత జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర కాళిదాసు కావ్యాలు మూడు చదువుకున్నారు: మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం. సంస్కృత కావ్యం పుస్తకం కొనుక్కుని ఒంటరిగా చదివితే అర్థమయ్యేది కాదు, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే గురువు కావాలి. కులం కాపలా కాసింది సరిగ్గా అక్కడే. పుస్తకాన్ని దాచక్కర్లేదు, పక్కన కూర్చోనివ్వకపోతే చాలు. ఒక మిత్రుడు, ఒక గురువు ఆ కాపలాను దాటి జాషువాను లోపలికి రానిచ్చారు.

దీన్ని ఉదారుల కథగా మార్చుకుంటే పొరపాటే. తలుపు తీసిన వాళ్లు ఇద్దరైతే మూసిన వాళ్లు ఊరంతా. వినుకొండలో ఒక అవధాన సభలో జాషువా పద్యాలు చదివినప్పుడు, అసలు ఆయన్ని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేసి అవమానించారు. పద్యంలో తప్పు పట్టలేక పుట్టుకలో తప్పు పట్టారు. ఇంకోవైపు, క్రైస్తవుడై ఉండి హిందూ పురాణాల మీద రాస్తున్నాడని సంఘ పెద్దలు ఆయన్ని వెలివేశారు. ఒకరికి ఆయన కులం నేరం, ఇంకొకరికి ఆయన చదువు నేరం.

బతుకుదెరువూ అక్షరంతోనే సాగింది. మిషన్ బడిలో నెలకు 3 రూపాయల జీతానికి పాఠాలు చెప్పారు. ఆ ఉద్యోగం పోయాక 1915-16లో రాజమండ్రి వెళ్లి మూకీ సినిమాలకు వాచకుడయ్యారు. తెర మీద బొమ్మ కదులుతుంటే కథనూ మాటలనూ గట్టిగా చదివి వినిపించడమే ఆ పని. తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేసి, 1928 నుంచి 1942 దాకా తెలుగు పండితుడిగా ఉన్నారు. 1932లో ఫిరదౌసి వచ్చింది. షానామా రాసిన పారశీక కవికి గజనీ సుల్తాను ఇస్తానన్న బంగారం ఇవ్వకుండా మాట తప్పిన కథ అది. తన శ్రమకు తగిన ఫలం దక్కని మనిషి కోసం ఆయన పర్షియా దాకా వెళ్లారు.

1941లో గబ్బిలం వచ్చింది. మేఘసందేశం పక్కన పెట్టి చూస్తేనే దాని బలం తెలుస్తుంది. కాళిదాసు యక్షుడు ఏడాది శాపం వల్ల భార్యకు దూరమై, మేఘంతో ఆమెకు కబురు పంపుతాడు. జాషువా నాయకుడు అరుంధతీ సంతతివాడు, కడుపు నిండని కూలివాడు. అతని శాపం ఏడాదిది కాదు, తరాలది. అది ఎవరు పెట్టారో, ఎప్పుడు తీరుతుందో తెలియదు. అతను కబురు పంపేది శివుడికి. మోసుకెళ్లేది మేఘం కాదు, జనం అపశకునమనుకునే గబ్బిలం.

గబ్బిలాన్నే ఎందుకు ఎంచుకున్నారు? అది గుడి లోపల కాపురం ఉంటుంది కాబట్టి. మనిషికి లేని ప్రవేశం ఆ ప్రాణికి ఉంది. పూజారి అడ్డు లేని వేళ చూసి దేవుడి చెవిలో మాట వేయగలదు. ఆ ఒక్క ఏర్పాటుతో జాషువా కులవ్యవస్థను నిలదీశారు. ఆ నిలదీతకు కావలసిన పనిముట్టు ఎక్కడిది? చిన్ననాటి స్నేహంతో మొదలై, ఆ గురువు దగ్గర నేర్చుకున్న చదువులోనిది. వాళ్ల కావ్యం చదివి వాళ్లలా రాసి ఊరుకుని ఉంటే జాషువా మంచి అనుకర్త అయ్యేవారు. ఆ కావ్యంలో తన మనిషి ఎక్కడున్నాడని వెతికి, లేడని తెలుసుకుని, అదే చట్రంలో అతన్ని నిలబెట్టారు.

తర్వాత గౌరవాలు వచ్చాయి. 1964లో క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, అదే ఏడాది శాసనమండలి సభ్యత్వం, 1970లో పద్మభూషణ్. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ జీవితంలోనూ ఇలాంటి ఘట్టం ఉంది. 1907లో మెట్రిక్ గట్టెక్కినప్పుడు కేళుస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను మరాఠీలో రాసిన బుద్ధుడి జీవితచరిత్రను ఆ కుర్రవాడికి బహూకరించారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలాది మందితో బాబాసాహెబ్ బౌద్ధం స్వీకరించారు. మధ్యలో 49 ఏళ్లు. పుస్తకం ఇచ్చినవాళ్లు దాని ఫలితాన్ని ఊహించలేరు. చదివినవాడి అనుభవమే దానికి కొత్త అర్థం ఇస్తుంది.

మా నందికొట్కూరు 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. అసెంబ్లీలో కుర్చీ వచ్చింది, అది పోరాడి తెచ్చుకున్నదే. కానీ పిల్లల చేతికి పుస్తకం అందడం మాత్రం జాషువా కాలంలోలాగే ఎవరో ఒకరి మంచితనం మీద ఆధారపడి ఉంది. నాకు గబ్బిలం అందింది హాస్టల్లో ఒక సీనియర్ అన్న ఇచ్చిన జిరాక్స్ ప్రతి రూపంలో. ఆ అన్న ఆ రోజు నా గదికి రాకపోయి ఉంటే ఈ వ్యాసం లేదు.

హక్కు అలా అదృష్టం మీద ఆధారపడకూడదు. వచ్చే సెప్టెంబర్ 28న జాషువా పటానికి దండ వేద్దాం. దండతో పాటు, మన హాస్టళ్లలో ఎనిమిదో తరగతి నుంచి చదివే పిల్లలకు గబ్బిలం ప్రతులు పంచి, పక్కన కూర్చుని చదివి వినిపిద్దాం. జాషువాకు ఒకరు చేసిన పని అదే.