రబ్బరు గింజల విక్కం కథ మనకెందుకు?

బండి టైరు చూసినప్పుడల్లా నాకు హెన్రీ విక్కం గుర్తొస్తాడు. మన పిల్లకాయలకి ఈయన కథ తెలియాల.

1846లో లండన్‌లో పుట్టినాడు. చేతిలో డబ్బుల్లేవు, ఆశ మాత్రం కొండంత. బ్రెజిల్ అడవుల్లో బాగుపడదామని తల్లినీ, తోబుట్టువునీ వెంటబెట్టుకుని పోయినాడు. ఆ ఇద్దరూ శాంటరెం ఊర్లోనే మట్టిలో కలిసిపోయినారు.

1876లో, 30 ఏళ్ల వయసులో, టపజోస్ నది పక్క అడవిలో సుమారు 70,000 రబ్బరు గింజలు పోగుచేసి, ఓడకెక్కించి లండన్ కియూ తోటకి చేర్చినాడు. వెయ్యి గింజలకి 10 పౌన్ల బేరం. మొలిచింది నూటికి నాలుగే. ఆ మొక్కలే సిలోనుకీ, సింగపూరుకీ పోయినాయి. అది దొంగతనమని బ్రెజిల్‌లో అంటారు. అప్పట్లో ఆపే చట్టమే లేదని ఇంకొందరంటారు. నేనడిగేది వేరే. గింజలేరింది ఆ అడవి జనం గూడా. వాళ్ల పేర్లేవి?

కార్లొచ్చినాక రబ్బరుకి గిరాకీ పెరిగింది. మలయాలో అడవి నరికి, తగలబెట్టి, వరసలుగా ఒకటే చెట్టు నాటినారు. పాలు తీసేదానికి కంగాణీలు మన దేశం నుంచి ఓడల్లో జనాన్ని తోలుకుపోయినారు. ఎక్కువమంది తమిళులు, వాళ్లతో మన తెలుగోళ్లు. తెల్లారకముందే కత్తి పట్టుకుని చెట్టు చెట్టుకీ తిరగాల. 1938లో మన ప్రభుత్వం ఆ కూలీల వలసని ఆపింది.

విక్కానికి ఏం మిగిలింది? ఆస్ట్రేలియా, బ్రిటిష్ హోండురాస్, పపువా తిరిగినాడు, ఎక్కడా కలిసిరాలా. భార్య వదిలిపోయింది. 1920లో సర్ బిరుదిచ్చినారు. 1928లో పోయినాడు.

అదే ఏడు హెన్రీ ఫోర్డ్ ఆ టపజోస్ ఒడ్డునే పెద్ద రబ్బరు తోట మొదలుపెట్టినాడు. అడవిలో దూరం దూరంగా బతికే చెట్టుని దగ్గర దగ్గరగా నాటేసరికి ఆకు తెగులు తగులుకుంది. 1945లో ఫోర్డ్ కంపెనీ చేతులెత్తేసింది. సొంత గడ్డమీదే ఆ చెట్టు ఒంటి పంటగా బతకలా. దాన్ని కాపాడింది చుట్టూ ఉన్న నానా రకాల చెట్లే.

ఆగ్నేయాసియాలో 1993 నుంచి రబ్బరు కోసం 40 లక్షల హెక్టార్లకి పైగా అడవి పోయిందని 2023లో ఉపగ్రహ చిత్రాలు చూసి తేల్చినారు. మన లెక్కలో దాదాపు కోటి ఎకరాలు.

మన తీరంలో రబ్బరు లేదు, సరుగుడుంది, జామాయిలుంది. సరుగుడు రైతుని నేను తప్పుపట్టను. ఇసక నేలలో నాలుగు డబ్బులిచ్చేది అదే, గాలిని ఆపేదీ అదే. నా తగాదా లెక్కతో. హెక్టారు నేలలో పది శాతం పైన చెట్ల నీడ కనిపిస్తే, తోటైనా సరే, సర్కారు అడవి లెక్కలో పడిపోతుంది. శ్రీహరికోటలో ఈ తీరం సొంత అడవి ఇంకా ఉంది. పాల, అల్లి, నేరేడు కలిసి పెరిగే అడవి. యానాదులకి తేనె, దుంప, మందు ఇచ్చింది అదే. సరుగుడు తోట ఇచ్చేది కట్టె. రెంటికీ ఒకటే పేరు పెడితే, ఒకటి పోయినా కాగితం మీద ఏమీ పోనట్టే ఉంటుంది.

మీ ఊర్లో మొక్కలు నాటతామని ఆఫీసర్లొస్తే ఎన్ని అని అడగబాకండి. ఏం చెట్టు, అక్కడ ముందు ఏముండేది, గ్రామసభలో లేచి ఆ రెండూ అడగండి.