డ్రైవింగ్ లైసెన్సు లేని ఇంజన్ మేస్త్రి: ఫెలిక్స్ వాంకెల్



వార్షికోత్సవ సంచికలో ఒక గొప్పవారి జీవితం రాయడం మనకు ఆనవాయితీ. ఫూలే, సావిత్రీబాయి, బాబాసాహెబ్, జాషువా గార్ల గురించి ఎన్నోసార్లు చదువుకున్నాం. ఈసారి మేము ఒక ఇంజన్ కనిపెట్టిన జర్మనీ దేశస్థుణ్ణి ఎంచుకున్నాం. మన హాస్టల్ నుంచి ఐ.టి.ఐ.కి, పాలిటెక్నిక్‌కి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ పేరు పాఠంలో వచ్చినా ఒక పేరాతో సరిపోతుంది. ఆ పేరాలో పట్టని సంగతులు ఇక్కడ రాస్తున్నాం. వాటిలో మెచ్చుకోదగ్గవీ ఉన్నాయి, మెచ్చుకోలేనివీ ఉన్నాయి.

ఫెలిక్స్ వాంకెల్ 1902 ఆగస్టు 13న జర్మనీలోని లార్ పట్టణంలో పుట్టారు. తండ్రి అటవీ శాఖ ఉద్యోగి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాదే ఆయన యుద్ధంలో చనిపోయారు. అప్పటికి పిల్లవాడికి పన్నెండేళ్లు. తల్లి కొడుకును తీసుకుని హైడెల్‌బర్గ్ చేరింది. వాంకెల్ 1921లో బడి వదిలేశారు. విశ్వవిద్యాలయంలో చేరడానికి కావలసిన చివరి పరీక్ష రాయలేదు. ఒక పుస్తక ప్రచురణ సంస్థలో పనికి కుదిరారు. చూపు బాగా తక్కువ. అందుకే జీవితాంతం డ్రైవింగ్ లైసెన్సు తీసుకోలేదు. ఇంజనీరింగ్ పట్టా లేదు, కారు నడపడం లేదు, అయినా ఆయన తపన అంతా ఇంజన్ మీదే.

1924లో స్నేహితులతో కలిసి ఒక పెరటి షెడ్డులో చిన్న వర్క్‌షాపు పెట్టారు. మామూలు ఇంజన్‌లో పిస్టన్ పైకి వెళ్లి ఆగుతుంది, కిందికి వచ్చి ఆగుతుంది. నిమిషానికి వేల సార్లు ఇదే తంతు. ఆ పైకీ కిందికీ కదలికను క్రాంక్ షాఫ్ట్ గుండ్రటి కదలికగా మార్చాలి. చక్రం ఎలాగూ తిరగాల్సిందే కదా, మొదటి నుంచీ తిరిగే ఇంజనే ఎందుకు చేయకూడదు అన్నది వాంకెల్ ప్రశ్న. ఈ ప్రశ్న ఆయనకంటే ముందు చాలామందికి వచ్చింది. తిరిగే ముక్కకూ గోడకూ మధ్య సందులోంచి మంట, గాలి తప్పించుకుపోవడంతో వాళ్ల యంత్రాలు నిలవలేదు. పిస్టన్‌కైతే గుండ్రటి రింగులు వేస్తాం. మూలలున్న ముక్కకు ఏం వేయాలి? వాంకెల్ ఇంజన్ సంగతి పక్కన పెట్టి, ముందు ఈ సందు మూసే పనిలో పడ్డారు. ఏళ్ల తరబడి సీళ్ల మీదే పని చేశారు. మా దృష్టిలో ఆయన అసలు గొప్పతనం ఇదే. 1929లో మొదటి పేటెంటు వచ్చింది.

ఇక మెచ్చుకోలేని సంగతి. వాంకెల్ ఇరవై ఏళ్ల వయసులోనే హిట్లర్ నాజీ పార్టీలో చేరారు. తల్లి కూడా ఆ పార్టీ మనిషే. ఆ పార్టీ కుర్రకారు విభాగంలో ఆయన నాయకుడిగా కూడా పనిచేశారు. ఆ ప్రాంతపు పార్టీ పెద్ద రాబర్ట్ వాగ్నర్‌తో తగాదా వచ్చింది. అవినీతిపరుడని బహిరంగంగా ఆరోపించినందుకు 1932లో పార్టీ నుంచి వెళ్లగొట్టారు. 1933లో హిట్లర్ గద్దెనెక్కాక కొన్ని నెలలు జైల్లో పెట్టారు. హిట్లర్ ఆర్థిక సలహాదారు కెప్లర్ పూనుకుని విడిపించారు. ఆ తర్వాత 1936లో లిండావ్ అనే ఊళ్లో, సరస్సు ఒడ్డున, విమానయాన శాఖ డబ్బుతో ఆయనకు పరిశోధనాలయం ఏర్పడింది. యుద్ధ విమానాల ఇంజన్లకు సీళ్లు, వాల్వులు తయారుచేసే పని అక్కడ జరిగింది. 1940లో ఎస్.ఎస్. దళంలో చేరారు. 1942లో అక్కడి నుంచీ తీసేశారు.

జైలుకు పంపారు కాబట్టి వాంకెల్ నాజీలను ఎదిరించాడని కొందరు చెబుతారు. మేము ఒప్పుకోం. ఆ తగాదా ఒక నాయకుడితో వచ్చింది, సిద్ధాంతంతో కాదు. అలా వచ్చి ఉంటే జైలు నుంచి వచ్చాక మళ్లీ ఎస్.ఎస్.లో చేరేవారా? పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టే సిద్ధాంతం అది. దాని రుచి ఏమిటో సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. వ్యాసమంతా ఆయన అని గౌరవంగానే రాశాం గాని, ఈ రెండు పేరాల దగ్గర మా కలం తడబడింది. వాంకెల్ పేరే వద్దు, ఇంకొకరిని చూడండి అని మా సంపాదక వర్గంలో ఒకరిద్దరు అన్నారు కూడా. పేరు తీసేస్తే ఇంజన్ ఎవరిదో తెలియకుండా పోతుంది, ఈ సంగతి దాచి రాస్తే చదివేవాళ్లను మోసం చేసినట్టవుతుంది. రెండూ రాయాలనే తీర్మానించాం.

1945లో జర్మనీ ఓడిపోయింది. ఫ్రెంచి సైన్యం లిండావ్ పరిశోధనాలయాన్ని విప్పి పట్టుకుపోయింది. వాంకెల్‌ను కొన్ని నెలలు నిర్బంధించింది. 1951లో మోటారు సైకిళ్లు తయారుచేసే ఎన్.ఎస్.యు. కంపెనీతో ఒప్పందం కుదిరాక పని మళ్లీ మొదలైంది. 1954లో రూపం దొరికింది. రెండు గింజల వేరుశనక్కాయ ఆకారంలో, నడుము కాస్త నొక్కినట్టుండే గది. అందులో పక్కలు ఉబ్బిన మూడు మూలల రోటర్. మూడు మూలలూ ఎప్పుడూ గోడను తాకుతూనే తిరుగుతాయి. రోటర్‌కూ గోడకూ మధ్య ఖాళీ పెరిగే చోట పెట్రోలు గాలి లోపలికి వస్తుంది, తగ్గే చోట నొక్కుకుంటుంది, స్పార్క్ ప్లగ్ దగ్గర మండుతుంది, చివరి చోట పొగ బయటికి పోతుంది. రోటర్ ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. వాల్వులు లేవు, కనెక్టింగ్ రాడ్లు లేవు.

1957 ఫిబ్రవరి 1న ఆ ఇంజన్ మొదటిసారి తిరిగింది. అయితే వాంకెల్ చేసిన దానిలో రోటర్‌తో పాటు గది కూడా తిరిగేది. స్పార్క్ ప్లగ్ మార్చాలంటే ఇంజన్ మొత్తం విప్పాలి! ఎన్.ఎస్.యు. ఇంజనీరు హాన్స్ డీటర్ పాష్కె గదిని కదలకుండా బిగించి, రోటర్ ఒక్కటే తిరిగేలా మార్చారు. వాంకెల్‌కు ఇది నచ్చలేదు. తన పందెపు గుర్రాన్ని నాగలికి కట్టారని బాధపడ్డారట. కాని ఈనాడు లోకంలో తిరుగుతున్నది పాష్కె మార్చిన రకమే. పేరు మాత్రం వాంకెల్‌ది.

1967లో ఎన్.ఎస్.యు. రో 80 కారు వచ్చింది. మరుసటి ఏడాది యూరపులో ఆ సంవత్సరపు మేటి కారుగా ఎంపికైంది. కొన్నవాళ్లకు మాత్రం మూలల సీళ్లు త్వరగా అరిగిపోయి కష్టాలు మొదలయ్యాయి. గ్యారంటీ కింద ఇంజన్లు మార్చి మార్చి కంపెనీ చితికిపోయింది, 1969లో ఫోక్స్‌వాగన్ చేతికి వెళ్లింది. వాంకెల్ ముప్పై ఏళ్లు కుస్తీ పట్టిన సందే చివరికి కంపెనీని ముంచింది.

ఆ సందును తట్టుకుని నిలబెట్టినవాళ్లు జపాన్‌వాళ్లు. హిరోషిమాలోని మాజ్దా కంపెనీలో కెనిచి యమమోటో అనే ఇంజనీరు బృందం ఆ పని చేసింది. గది గోడ మీద పడే గీతలను వాళ్లు దయ్యం గోళ్ల గీతలు అనేవారు. కార్బన్‌లో అల్యూమినియం కలిపిన సీళ్లతో ఆ గీతలను అదుపు చేసి, 1967లో కాస్మో స్పోర్ట్ కారు విడుదల చేశారు. 1973లో చమురు ధర పెరిగినప్పుడు పెట్రోలు ఎక్కువ తాగే ఈ ఇంజన్‌కు గడ్డుకాలం వచ్చింది. అయినా మాజ్దా వదల్లేదు, 1978లో ఆర్‌ఎక్స్-7 తెచ్చింది.

మెకానిక్ మిత్రులకు నచ్చే కథ ఇక్కడుంది. అమెరికాలో కుర్రాళ్లు పాత ఫోర్డు కారు కొని, మడ్‌గార్డులు పీకేసి, పెద్ద ఇంజన్ బిగించి పరుగు తీయించేవారు. దాన్ని హాట్ రాడ్ అంటారు. ఈ సరదా చేసేవారికి మాజ్దా 13బి ఇంజన్ వరంలా దొరికింది. రెండు రోటర్లు, కలిపి 1308 సి.సి., చిన్న కారు బానెట్ కింద ఇమిడిపోతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ప్యూర్టో రికో షెడ్లలో పాత జపాన్ కార్లకు దీన్నే బిగిస్తారు. మామూలు ఇంజన్ బలం పెంచాలంటే క్యామ్ షాఫ్ట్ మార్చాలి. ఇందులో గాలి వచ్చే రంధ్రాన్ని గ్రైండర్‌తో పెద్దది చేస్తే చాలు, వాల్వు టైమింగ్ మార్చినట్టే. చెయ్యి కొంచెం జారి సీలు నడిచే దారిలోకి గ్రైండర్ పోయిందా, గది మొత్తం పనికిరాదు. వేడెక్కనిచ్చినా అంతే. ఈ పనికి డిగ్రీ కన్నా చేతి నిదానం కావాలి.

వాంకెల్‌కు 1969లో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1971లో తన కంపెనీని బ్రిటన్‌కు చెందిన లోన్‌రో సంస్థకు పది కోట్ల మార్కులకు అమ్మారు. జంతువుల మీద ప్రయోగాలను తగ్గించే పరిశోధనలకు 1972 నుంచి ఒక బహుమతి నెలకొల్పారు. రో 80 కారు కొనుక్కున్నారు గాని డ్రైవరే నడిపేవాడు. 1988 అక్టోబరు 9న హైడెల్‌బర్గ్‌లో మరణించారు.

ఆ తర్వాత మూడేళ్లకు, 1991లో, ఫ్రాన్సులోని లెమాన్ ఇరవై నాలుగు గంటల పందెంలో నాలుగు రోటర్ల మాజ్దా 787బి గెలిచింది. మన దేశంలోనూ బెంగళూరు, అహ్మద్‌నగర్ పరిశోధన సంస్థలు కలిసి సొంతంగా వాంకెల్ ఇంజన్ తయారుచేశాయి. 2009లో కోలారులో అది నిశాంత్ అనే పైలట్ లేని విమానాన్ని ఎగరేసింది.