కర్నల్ సి. కె. నాయుడుగారి జీవితము

సెలవు దినములలో సాయంకాలమున నారాయణగూడ నుండి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ వఱకు నడచువారికి ఏదో యొక సందులో తప్పక కనబడు దృశ్యము కలదు. ఇటుకలను ఒకదానిపై నొకటి పేర్చి, వానినే వికెట్టుగా నెంచి బాలురు బంతియాట యాడుచుందురు. వారి నడుమ నొక్కొక్కప్పుడు పంచె యెగగట్టిన తాతగారొకరు బంతి వేయుచుండుటయు చూచియున్నాము. మనుమడు ఔటైనను కాలేదని వాదించును. తాతగారు నవ్వి మఱల బంతి వేయుదురు. అమెరికా దేశమున బేస్‌బాల్ అను బంతియాటను తాతలు తమ మనుమలకు నేర్పుటయు, వారిని వెంటబెట్టుకొని పందెములు చూడబోవుటయు కుటుంబాచారమువలె నున్నది. మన దేశమున ఆ స్థానము క్రికెట్టునకు దక్కినది.

పెద్దలు పిల్లలకు ఇండ్లను పొలములను ఇచ్చుట యందఱెఱిగినదే. ఆటపై ప్రేమను కూడ అట్లే ఈయవచ్చునా? ఈయవచ్చునన్నచో నేవిధముగ ఈయవలెను? ఈ విషయమును గూర్చి యోచించునప్పుడు భారతదేశపు టెస్టు జట్టునకు మొదటి నాయకులైన కర్నల్ సి. కె. నాయుడుగారి జీవితము మాకు స్ఫురించినది. వారు తెలుగు కుటుంబమున బుట్టినవారు. మన నగరపు మైదానములందును ఆడినవారు. వారి కథను మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఇచ్చట సంగ్రహముగ దెలుపుచున్నాము.

కొట్టారి కనకయ్య నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపూరునందు జన్మించిరి. వారి తాతగారైన నారాయణస్వామి నాయుడుగారు ఆ నగరమున ప్రసిద్ధి కెక్కిన న్యాయవాదులు. 1891లో కాంగ్రెసు మహాసభ నాగపూరున జరిగినప్పుడు ఆహ్వానసంఘమునకు వారే అధ్యక్షులు. ఆ మహాసభకు అధ్యక్షత వహించిన పనప్పాకము ఆనందాచార్యులుగారును తెలుగువారే యగుట గమనింపదగినది. తండ్రిగారైన సూర్యప్రకాశరావు నాయుడుగారు ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో చదివి, అచ్చట సుప్రసిద్ధ క్రీడాకారుడగు రంజిత్‌సింహ్‌జీతో స్నేహము చేసిరని చెప్పుదురు. వారును న్యాయశాస్త్రవేత్తలే, తరువాత హోల్కరు సంస్థానమున న్యాయమూర్తి పదవి నలంకరించిరి. తాతయు తండ్రియు న్యాయస్థానములందు పేరుగన్న యింట బాలుడు పెరిగెను. నియమము పెద్దకును చిన్నకును ఒక్కటే యను భావము అట్టి యింట చిన్ననాడే కుదురుకొనుట సహజము. దాని ఫలము వారి క్రీడాజీవితమున తుదివఱకును గానవచ్చును.

కనకయ్య నాయుడుగారు మిషను పాఠశాల విద్యార్థులు. స్కాట్లండు దేశపు మిషనరీయగు స్టీఫెను హిస్లాపుగారి పేర నాగపూరున వెలసిన విద్యాలయమున వారు చదివిరి. ఏడేండ్ల ప్రాయముననే పాఠశాల జట్టులో వారికి చోటు దొరకెను. తమకంటె పెద్దవారైన బాలుర నడుమ నిలిచి యాడుట వారికి ఆ వయసుననే యలవడెను. అఱువదియేండ్లు గడచిన పిమ్మట అదే మనుష్యుడు తనకంటె మిక్కిలి చిన్నవారి నడుమ నిలిచి యాడుట ముందు చూడగలము.

1916లో బొంబాయి చతుర్జట్టు పందెములలో యూరోపియనుల జట్టుతో హిందువుల జట్టు తలపడినప్పుడు వారు మొదటి తరగతి క్రికెట్టులో ప్రవేశించిరి. అప్పటికి హిందువుల జట్టు ఏడు వికెట్లు గోల్పోయి 79 పరుగులు మాత్రమే చేసియుండెను. ఇరువదియేండ్ల యువకుడు ఆ దశలో బ్యాటు పట్టి వచ్చి మొదటి మూడు బంతులను ఓపికతో నాపి, నాలుగవ బంతిని సిక్సరుగ గొట్టెను. వారి యాట యెల్లప్పుడును ఇట్టిదే. ముందు బంతిని చూచుట, పిదప సంకోచింపక కొట్టుట. 1923లో ఇందూరు పాలకులగు హోల్కరు మహారాజుగారు వారిని పిలిపించి తమ సైన్యమున ఉద్యోగమిచ్చిరి. అప్పటినుండి ఇందూరే వారి నివాసమయ్యెను. కర్నల్ అను బిరుదు ఆ సైన్యమునుండి వచ్చినదే.

1926 డిశంబరు 1వ తేదీన బొంబాయి జింఖానా మైదానమున, ఇంగ్లండునుండి గిల్లిగనుగారి నాయకత్వమున వచ్చిన ఎం. సి. సి. జట్టుపై వారాడిన యాట చరిత్రలో నిలిచినది. రెండు గంటలు నిండకముందే 153 పరుగులు చేసిరి. అందు పదునొకండు సిక్సర్లు. మైదానము చుట్టునున్న చెట్లపైనను మిద్దెలపైనను జనులు క్రిక్కిఱిసిరి. వచ్చిన జట్టువారు సంతోషించి వారికి వెండి బ్యాటును బహూకరించిరి. భారతీయులు ఇంగ్లండుతో సమానస్థాయిని ఆడగలరను నమ్మకము ఆ పర్యటనమువలన బలపడెను. రెండేండ్లకు భారత క్రికెట్టు నియంత్రణ మండలి యేర్పడెను. మఱి నాలుగేండ్లకు మన జట్టు టెస్టు పందెమాడుటకు ఇంగ్లండునకు బయలుదేఱెను.

1932 జూను 25వ తేదీన లండనులోని లార్డ్సు మైదానమున భారతదేశము మొదటి టెస్టు నాడెను. పర్యటనమునకు నాయకులుగ పోరుబందరు మహారాజుగారు నియమింపబడిరి. కాని ఆ దినమున జట్టును నడుపు భారము నాయుడుగారికి గలిగెను. మొదటి గంటలోనే ఇంగ్లండువారు 19 పరుగులకు మూడు వికెట్లు గోల్పోయిరి. బంతి పట్టబోవుచు నాయుడుగారు చేతికి దెబ్బ తగిలించుకొనిరి. ఆ చేతితోనే బ్యాటు పట్టి మన జట్టు మొదటి యిన్నింగ్సులో అందఱికంటె నెక్కువగ 40 పరుగులు చేసిరి. పందెము 158 పరుగుల తేడాతో ఓడిపోయినను మన జట్టు పేరు నిలిచెను. ఆ పర్యటనమున మొదటి తరగతి పందెములలో నాయుడుగారు 1,618 పరుగులు చేసి 65 వికెట్లు పడగొట్టిరి. బర్మింగుహామునందు వారు కొట్టిన యొక బంతి రీ నదిని దాటి పొరుగు కౌంటీలో బడెనని యిప్పటికిని చెప్పుకొందురు. మఱుసటి సంవత్సరము విజ్డెను అను ప్రఖ్యాత వార్షిక గ్రంథము వారిని ఆ యేటి యుత్తమ క్రీడాకారులలో నొకరిగ నెన్నుకొనెను. 1933-34లో ఇంగ్లండు జట్టు మన దేశమునకు వచ్చినప్పుడు మూడు టెస్టులకును వారే నాయకులు.

ఇంతవఱకు కీర్తి కథ. ఇక పరీక్ష కథ. 1936లో ఇంగ్లండునకు వెడలిన జట్టునకు నాయకత్వము విజయనగర మహారాజకుమారునకు లభించెను. నాలుగు టెస్టులకు నాయకులైన నాయుడుగారు ఆటలో తమకంటె చాల తక్కువవారైన యొకరి క్రింద సామాన్యాటగాడుగ నిలువవలసివచ్చెను. జట్టులో కక్షలు పెరిగెను. లాలా అమరనాథుని పర్యటనము నడుమనే యింటికి బంపివేసిరి. అట్టి వాతావరణమున ఎవరి మనసైనను విఱిగిపోవును. నాయుడుగారి స్వభావము మెత్తనిది కాదు. అవమానమును సులభముగ మఱచువారును కారు. అయినను ఆగస్టులో ఓవలు మైదానమున జరిగిన కడపటి టెస్టులో ఏమి చేసిరో చూడుడు. ఇంగ్లండు నాయకుడగు ఆలెను వేసిన వేగపు బంతి దేహమునకు గట్టిగ దగిలెను. బాధ నణచుకొని నిలిచి 81 పరుగులు చేసిరి. అదియే వారి కడపటి టెస్టు ఇన్నింగ్సు. నాయకత్వము పోయినను ఆట పోలేదని వారు మాటతో గాక బ్యాటుతో జూపిరి. అప్పటికి వారి వయస్సు నలువదియేండ్లు. చాలమంది ఆ వయసున బ్యాటును గోడకు తగిలించి గతమును చెప్పుకొనుచు గూర్చుందురు.

నాయుడుగారి జీవితమున మాకు మిక్కిలి ప్రియమైన భాగము ఇచ్చటనే మొదలగుచున్నది. ఇందూరున వారు చిన్నవారిని వెదకి పట్టి తీర్చిదిద్దిరి. ముస్తాకు అలీ యను బాలుని ప్రతిభను కనిపెట్టి ప్రోత్సహించినవారు వారే. ఆ బాలుడే పెద్దవాడై 1936లో మాంచెస్టరునందు 112 పరుగులు చేసి, విదేశమున టెస్టు శతకము చేసిన మొదటి భారతీయుడయ్యెను. తమకంటె పందొమ్మిదేండ్లు చిన్నవాడైన తమ్ముడు సి. ఎస్. నాయుడునకును వారే మార్గదర్శకులు. ఆ తమ్ముడు 1944-45 రంజీ పోటీ తుది పందెమున ఒక్క మ్యాచిలోనే 917 బంతులు వేసెను. అన్ని బంతులు మఱి యెవ్వరును వేసి యెఱుగరు.

హోల్కరు జట్టునకు నాయుడుగారు నాయకులుగ నున్న కాలమున ఆ జట్టు నాలుగుమాఱులు రంజీ ట్రోఫీని గెలిచెను. 1945-46లో మైసూరు జట్టుపై ఆఱుగురు శతకములు చేసి 912 పరుగులు సాధించిరి. ఆ యాఱుగురిలో నొకరు ఏబదియేండ్ల నాయకులే. అదే యేడు బరోడాతో జరిగిన తుది పందెమున వారు 200 పరుగులు చేసిరి. వారు కఠినముగ శిక్షణ నిచ్చువారని ప్రతీతి. వేళకు రానివానిని, దెబ్బ తగిలిన చోటును రుద్దుకొనువానిని వారు సహింపరు. కాని తాము చేయనిదానిని ఇతరులను చేయుమని ఎన్నడును గోరలేదు. ఏబదియాఱేండ్ల వయసున బొంబాయితో ఆడునప్పుడు ఫాడ్కరుగారి వేగపు బంతి తగిలి పండ్లు ఊడినను, వైద్యుని యొద్దకు బోక, వేగమును తగ్గింపవలదని ఆ బౌలరునకే తెలిపి ఆట సాగించిరని చెప్పుదురు. అట్టి నాయకుని క్రింద నున్న యువకుడు చిన్న దెబ్బను జూపి పెవిలియనునకు బోగోరునా?

మన ప్రాంతముతో వారికి గల సంబంధమును గూడ దెలుపవలసియున్నది. 1930-31లో సికింద్రాబాదున నారంభమైన మొయినుద్దౌలా స్వర్ణపాత్ర పోటీలకు దేశమునందలి మేటి క్రీడాకారులు వచ్చెడివారు; వారిలో నాయుడుగారు నుండిరి. 1953లో ఆంధ్ర రాష్ట్ర మవతరించినది. ఆ సంవత్సరపు రంజీ పోటీలలో ఆంధ్ర జట్టు మొదటిసారిగ పాల్గొన్నప్పుడు దానికి నాయకత్వము వహించినవారు ఏబదియెనిమిదేండ్ల నాయుడుగారు. అనుభవము లేని క్రొత్త జట్టు. గెలుపునకు ఆశ తక్కువ. కీర్తి కొఱకైనచో వారు రానక్కఱలేదు. నాలుగుమాఱులు ట్రోఫీ నెత్తిన చేతులతో తెలుగు యువకులకు నడక నేర్పవచ్చిరి. నాగపూరున బుట్టి ఇందూరున స్థిరపడిన వృద్ధుడు తాతల నాటి భాషవారి పిల్లలతో కలిసి మైదానమున దిగిన ఆ దృశ్యమును మేము తలచుకొన్నప్పుడెల్ల మనస్సు సంతోషించును.

1956లో ప్రభుత్వమువారు పద్మభూషణ బిరుదము నిచ్చి గౌరవించిరి. క్రికెట్టు క్రీడాకారులలో ఆ గౌరవము నందిన మొదటివారు వీరే. ఆ 1956-57లోనే ఉత్తరప్రదేశ జట్టుకు నాయకులై రంజీ పోటీలలో ఆడిరి. జట్టులోని బాలురకు వారు తాతవంటివారు. 1963-64లో ధర్మకార్యమునకై జరిగిన పందెమున అఱువదియెనిమిదేండ్ల వయసున మఱియొకసారి బ్యాటు పట్టిరి. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరునందు దివంగతులైరి.

వారు వెలిగించిన దీపము వారి యింట నారిపోలేదు. కుమార్తె చంద్రా నాయుడుగారు ఇందూరున ఆంగ్ల భాషాధ్యాపకురాలై, క్రికెట్టు వ్యాఖ్యానము చేసిన తొలి భారతీయ స్త్రీగ పేరొందిరి. 1995లో తండ్రిగారిని గూర్చి గ్రంథము రచించిరి, 2021లో పరమపదించిరి. మనుమడు విజయ నాయుడుగారు మధ్యప్రదేశ జట్టులో ఆడిరి. తాత నారాయణస్వామిగారి యింట మొదలైన కథ ఇట్లు ఐదు తరములకు విస్తరించినది. నియంత్రణ మండలివారు క్రికెట్టునకు జీవితమంతయు సేవచేసిన పెద్దలకు 1994 నుండి ఇచ్చుచున్న పురస్కారమునకు నాయుడుగారి పేరు పెట్టిరి. యువకుల కొఱకు నడుపు పోటీకిని ఆ పేరే. ఒకే పేరు పెద్దలకును పిన్నలకును చెందుట వారి జీవితమునకు తగినట్లే యున్నది.

ప్రియ విద్యార్థులారా! నాయుడుగారు తమ యాటను పిల్లలకు కథగా జెప్పి యూరకుండలేదు. వారితో మైదానమున దిగి, వారికి దగిలిన బంతినే తామును దేహమున దగిలించుకొని, వారికున్న నియమమునకే తామును లోబడి చూపిరి. ప్రేమ యట్లు చేతినుండి చేతికి బోవును. మీ యింట తాతగారుగాని అమ్మమ్మగారుగాని మీతో ఆడుటకు లేచినయెడల, మోకాళ్ల నొప్పి మఱచి లేచినారని యెఱుంగుడు. వారు ఔటని చెప్పినప్పుడు వాదింపక బ్యాటును తరువాతివాని కిండు. తలిదండ్రులారా! ముసలివారి కిక ఆటలేలయని వారిని గడపలోపల నాపకుడు. మీ పిల్లలకు మీరీయలేని దానిని వారు సందులోని ఆ పాతబంతితో ఈయగలరు.