కాలబార్ గింజ, ఒక మెల్టింగ్ పాయింట్

ఘాట్ రోడ్డు ఎక్కగానే మనలో కొందరికి కడుపులో తిప్పడం మామూలే. దాన్ని ఆపడానికి వాడే మందుల్లో స్కోపాలమిన్ ఒకటి. నరాల మధ్య కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ పనిని అది అడ్డుకుంటుంది. సరిగ్గా దీనికి ఉల్టాగా పనిచేసేది ఫైసోస్టిగ్మిన్. ఎసిటైల్‌కోలిన్‌ని విడగొట్టే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ని ఆపేస్తుంది. దాంతో ఎసిటైల్‌కోలిన్ పోగుపడి, బస్సు ఎక్కకుండానే వికారం, చెమటలు వచ్చే అవకాశం ఉంది. అందుకే మోషన్ సిక్‌నెస్ ఎలా పుడుతుందో వెతికేవాళ్లకి ఈ మందు పనికొచ్చింది. దీని గురించి చదువుతుంటే నాకు పెర్సీ జూలియన్ కథ దొరికింది.

జూలియన్ 1899లో అమెరికాలోని అలబామా రాష్ట్రం మాంట్‌గొమరీలో పుట్టారు. తాత బానిసగా బతికినవాడు. ఆ ఊళ్లో నల్లజాతి పిల్లలకి ఎనిమిది తర్వాత గవర్నమెంట్ హైస్కూలే లేదు. ఇండియానాలోని డిపా యూనివర్సిటీలో సీటొచ్చింది గానీ హాస్టల్లో చోటివ్వలేదు. తెల్ల విద్యార్థులు ఉండే ఇంట్లో పనులు చేస్తూ, అటక గదిలో పడుకుంటూ, మిగిలిపోయిన హైస్కూల్ పాఠాలు కూడా చదువుకుంటూ 1920లో క్లాస్ ఫస్ట్ వచ్చారు. హార్వర్డ్‌లో మాస్టర్స్ చేశారు. పీహెచ్‌డీ కోసం వియన్నా దాకా వెళ్లాల్సొచ్చింది. 1931లో అది పూర్తయింది.

తిరిగొచ్చి, వియన్నా స్నేహితుడు యోసెఫ్ పికెల్‌తో కలిసి డిపాలోనే ఫైసోస్టిగ్మిన్ తయారీకి దిగారు. అప్పటిదాకా అది పశ్చిమ ఆఫ్రికా కాలబార్ గింజ నుంచే వచ్చేది. గ్లాకోమాకి వాడేవారు. అదే పని మీద ఆక్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ రాబిన్సన్ కూడా ఉన్నారు. ఆయన పేరంటేనే కెమిస్ట్రీ లోకం లేచి నిలబడేది. అయితే తయారీలో ముఖ్యమైన మెట్టు దగ్గర ఆయన చెప్పిన పదార్థానికీ జూలియన్‌కి వచ్చినదానికీ పొంతన లేదు. జూలియన్ వెనక్కి తగ్గలేదు, రాబిన్సన్‌దే తప్పని పేపర్లో రాసేశారు. లెక్క తప్పితే కెరీర్ అక్కడితో సరి. గింజ నుంచి తీసినదాంతో పోల్చి చూస్తే మెల్టింగ్ పాయింట్లు కలిశాయి. అది 1935.

గెలిచారు, కానీ నల్లవాడని డిపా ప్రొఫెసర్ పోస్టు ఇవ్వలేదు. 1936లో షికాగోలోని గ్లిడెన్ కంపెనీలో చేరారు. సోయా నూనె నుంచి ప్రొజెస్టెరాన్ భారీగా తీశారు. సోయా ప్రొటీన్‌తో తయారైన నురగ రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల మీద మంటలు ఆర్పింది. 1950లో ఓక్ పార్క్‌లో ఇల్లు కొంటే, కాపురానికి రాకముందే ఎవరో నిప్పు పెట్టారు. మరుసటి ఏడాది డైనమైట్ విసిరారు. అయినా ఆ కుటుంబం ఇల్లు వదల్లేదు. 1973లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కి ఎన్నికయ్యారు. 1975లో కన్నుమూశారు.

ల్యాబ్‌లో రీడింగ్ తేడా వస్తే పక్క బ్యాచ్ రికార్డు చూసి దిద్దేద్దామా అనిపిస్తుంది కదా. జూలియన్ పక్కన ఉన్న రికార్డు ఏకంగా ఆక్స్‌ఫర్డ్‌ది. ఆయన తన రీడింగ్ మార్చలేదు.