మందస వీరనారి గున్నమ్మ

ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు పెద్దలలో ఒకరి గురించి వ్రాయాలనుకున్నప్పుడు నాకు ముందుగా తోచిన పేరు సాసుమాన గున్నమ్మ గారిది. ఆమె ఏ పదవీ చేపట్టలేదు. సామాన్య రైతు కుటుంబపు స్త్రీ.

ఆమెది ఉద్దానంలోని గుడారి రాజమణిపురం, మందస జమీందారీ గ్రామం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మందస, టెక్కలి ప్రాంతాలు గంజాం నుండి విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. జిల్లా మారినా జమీందారీ మారలేదు. 1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతిలో జమీందారు సర్కారుకు కట్టే పేష్కషు స్థిరం. రైతు మీద పడే భారం మాత్రం పెరుగుతూ పోయింది. నాగలికి కర్ర, పొయ్యిలోకి పుల్ల కావాలన్నా అడవి జమీందారుదే.

1937లో ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన ఏర్పడిన కమిటీ మరుసటి సంవత్సరం రైతుల పక్షాన నివేదిక ఇచ్చింది. 1939లో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేయడంతో అది చట్టం కాలేదు. ఆశపడిన రైతులకు సంఘమే దిక్కయింది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. రాహుల్ సాంకృత్యాయన్ అధ్యక్షులుగా ఎన్నికైన సభ అది. ఆ ఉత్సాహం చుట్టుపక్కల పల్లెలకు పాకింది.

ఆ వేడి చల్లారకముందే మందస రైతులు అడవిలోకి వెళ్ళి కలప కొట్టారు. పోలీసులు ఊరి మీదికి వచ్చి రైతులను అరెస్టు చేశారు. 1940 ఏప్రిల్ 1న గున్నమ్మ గారు ముందు నిలిచి, ఊరివారితో కలసి పోలీసులను అడ్డగించారు. కాల్పులు జరిగాయి. గున్నమ్మ గారు నేలకొరిగారు. ఆమెతోపాటు మరికొందరు రైతులు ప్రాణాలు కోల్పోయారు. అప్పటినుండి ఆమె జనం నోట వీరగున్నమ్మ.

ఎనిమిదేళ్ళకు, 1948లో, మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. రెవెన్యూలో పనిచేసిన మనవారికి ఆ 26వ నంబరు చట్టం కంఠస్థమే. జమీందారీలు రద్దయి రైత్వారీ పట్టాలు వచ్చాయి. 1950లో మన శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. గుమాస్తాగా నేను ఎన్నో పట్టాల నకళ్ళు వ్రాశాను. వాటిలో సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు ఉంటాయి. ఆ హక్కు కోసం ఎవరు ప్రాణం పెట్టారో వ్రాసే గడి ఏ రికార్డులోనూ లేదు.

జీడి, కొబ్బరి తోటలున్న మన పిల్లలు పట్టాదారు పుస్తకాన్ని బీరువాలో భద్రంగా దాచుకుంటారు. సంతోషమే. ఆ కాగితం వెనుక ఒక పల్లెటూరి స్త్రీ ఉన్నదని కూడా పెద్దలమైన మనం వారికి చెప్పాలి. మనం చెప్పకపోతే చెప్పేవారుండరు. ఆ వీరమాత స్మృతికి నా వినమ్ర నివాళి.