పాట్రిక్ రస్సెల్ చిత్రించిన మన సముద్రపు చేపలు

భావనపాడు మొదలు బారువ వరకు గల ఉద్దానపు తీరమందు వల ఒడ్డుకు చేరిన కొంతసేపటికే చేప వన్నె తగ్గుట జాలరులందరూ ఎరిగిన సంగతి. ఈనాడు విశాఖ ఋషికొండ వద్ద నీటిలోకి దిగి, రాళ్ళనడుమ తిరిగే చేపలను సజీవంగానే ఛాయాచిత్రాలు తీసేవారికి ఈ చిక్కు లేదు. వారి చిక్కు వేరు. లోతుకు పోయేకొద్దీ నీరు ఎర్రని కాంతిని మ్రింగివేస్తుంది. కావున ఒడ్డుకు వచ్చిన పిమ్మట కంప్యూటరుపై ఆ ఎరుపును మరల చేర్చి చిత్రాన్ని సరిదిద్దవలసి ఉంటుంది. ఫ్రాన్సు దేశీయుడు లూయీ బూతాన్ నీటి అడుగున ఛాయాగ్రహణం చేసినది 1893లో. సముద్రగర్భంలో చేపను రంగులలో తీసినది 1926లో. అంతకు శతాబ్దికి పైగా మునుపే మన ఉత్తరాంధ్ర చేపలను బొమ్మలుగా లోకానికి చూపినవాడు డాక్టర్ పాట్రిక్ రస్సెల్.

ఆయన స్కాట్లండు వాడు. జన్మస్థలం ఎడింబరో. 1750లో సిరియాలోని హలబ్ నగరానికి, అనగా పాశ్చాత్యులు అలెప్పో అని పిలిచే ఊరికి, వెళ్ళి అన్న అలెగ్జాండర్ అనంతరం అక్కడి ఆంగ్ల వర్తకసంఘానికి వైద్యుడైనాడు. 1760 మొదలు రెండేళ్ళకు పైగా ఆ నగరాన్ని పీడించిన మహమ్మారిని దగ్గరనుండి పరిశీలించాడు. దానిపై వ్రాసిన గ్రంథం 1791లో వెలువడినది. చూచినదానిని చూచినట్లు వ్రాసిపెట్టే అలవాటు ఆయనకు అక్కడే దృఢపడినదని నా ఊహ.

తమ్ముడు క్లాడ్ రస్సెల్‌కు విశాఖపట్టణంలో కంపెనీ ఉద్యోగం లభించగా, అతనికి తోడుగా 1781లో ఓడ ఎక్కాడు. అప్పటికి వయస్సు యాభై దాటినది. 1785లో కోనిగ్ మరణించగా మద్రాసు ప్రభుత్వపు ప్రకృతిశాస్త్రజ్ఞుని పదవి ఆయనకు దక్కినది. విషసర్పమేదో, నిర్విషమేదో సామాన్యుడు గుర్తించగలగాలని పాములను పరీక్షించి వ్రాసిన గ్రంథమే ఆయనకు ఎక్కువ కీర్తి తెచ్చినది. మన రక్తపింజరి శాస్త్రనామంలో నేటికీ రస్సెల్ పేరున్నది.

అయితే నా దృష్టిలో మనకు అంతకంటె దగ్గరిది ఆయన మత్స్యగ్రంథం. విశాఖలో సేకరించిన 200 చేపల వర్ణనలు, చిత్రాలు రెండు సంపుటాలుగా 1803లో లండనులో అచ్చయినవి. బొమ్మలు వ్రాసినవాడు భారతీయ చిత్రకారుడు. అచ్చుపలకలలో రంగులు లేవు. పొలుసు, రెక్క, ముల్లు మాత్రం స్పష్టం. ఇక పేర్లు! లాటిను నామాలు కల్పించుటకు బదులు తీరవాసులు పలికిన తెలుగు పేర్లనే ఆంగ్లాక్షరాలలో పెట్టాడు. నెమలిపింఛమువలె రెక్కలు విప్పి, విషపుముళ్ళతో రాళ్ళచెంత మసలే ఒక చేపకు ఆ పుస్తకంలో పేరు కోడిపుంజు.

దీనివల్ల ఆయనకు నష్టమే కలిగినది. శాస్త్రనియమం ప్రకారం లాటిను పేరు పెట్టినవానిదే నామకర్త గౌరవం. ఆ గౌరవం తరువాత ఆ బొమ్మలను ఆధారం చేసుకొన్న యూరపు పండితులకు పోయినది. వారిలో కొందరు కృతజ్ఞులు. కోడిపుంజుకు బెనెట్ 1831లో టెరోయిస్ రస్సెలీ అని, పగడపు దిబ్బల చేప ఒకదానికి బ్లీకర్ 1849లో రస్సెల్ పేరు పెట్టారు. ఆ చిత్రకారుని పేర మాత్రం చేప ఏదీ లేదు. ఇది నాకు లోటుగానే తోచును.

రస్సెల్ 1789లో స్వదేశానికి మరలాడు. పుస్తకం వెలువడిన రెండేళ్ళకు, 1805 జూలై 2న, లండనులో మరణించాడు. ఆయన వ్రాసుకొన్న పేర్లలో తోలుపార ఒకటి. కువియే 1832లో దానిని శాస్త్రనామంలో చేర్చగా, ఆ చేప నేటికీ స్కాంబెరాయిడెస్ టోల్. పార అన్న మాట మన జాలరులకు క్రొత్త కాదు.